పొంగని సున్నపురాయి: దొలోమ్యూ మహాశయుని జీవితము

సున్నపురాతిని మెత్తగా నూరి, ఆ పొడిపై నాలుగు చుక్కలు నిమ్మరసము పిండినచో అది బుసబుస పొంగును. పాఠశాల ప్రయోగశాలలో నిమ్మరసమునకు మారుగా పలుచని హైడ్రోక్లోరికామ్లమును వాడుదురు. అప్పుడు పొంగు మఱింత వేగముగా వచ్చును. రాతియందు ఇమిడియున్న బొగ్గుపులుసు వాయువు వెలికి వచ్చుటయే ఈ పొంగునకు కారణము. ఇది మన విద్యార్థులలో పలువురు ఎఱిగిన సంగతియే. అయితే కంటికి సున్నపురాయివలెనే కనబడుచు, ఆమ్లము పడినను వెంటనే పొంగని రాయి ఒకటి కలదు. దానికి డోలమైటు అని పేరు. ఆ పేరు ఒక మనుష్యుని పేరునుండి వచ్చినది. ఆయన సిపాయి; సన్న్యాసివంటి నియమములు గల వీరసంఘమున సభ్యుడు; రెండు మారులు చెఱసాల చూచినవాడు; ఐరోపా దేశములలోని కొండలను కాలినడకను కొలిచిన శాస్త్రజ్ఞుడు. ఆయన చరిత్రమును, ఆయన పేరుగల రాతి చరిత్రమును కలిపి ఇచ్చట చెప్పబూనినాము.

ఫ్రాన్సు దేశమునకు ఆగ్నేయ భాగమున, ఆల్ప్సు పర్వతములకు చేరువగా దొఫినే అను సీమ కలదు. అందలి దొలోమ్యూ అను గ్రామమున 1750వ సంవత్సరము జూన్ 23వ తేదీన, ఒక ప్రభువుల కుటుంబమున దేవొదా జన్మించెను. మనలో పెక్కు కుటుంబములకు పూర్వుల ఊరిపేరే ఇంటిపేరైనట్లు, ఆ కుటుంబమునకును ఏలుబడిలోని గ్రామము పేరే వ్యవహారనామమయ్యెను. అందుచేత లోకము ఆయనను దొలోమ్యూ అనియే పిలిచినది.

ఆ కాలమున మధ్యధరా సముద్రమునందలి మాల్టా ద్వీపమును ఒక క్రైస్తవ వీరసంఘము పాలించుచుండెను. ఆ సంఘమువారు బ్రహ్మచర్యము పాటింతుమని ప్రమాణము చేసి, ఓడలపై సంచరించుచు యుద్ధములు చేయుచుండిరి. గొప్ప కుటుంబములవారు తమ కుమారులను పసితనముననే ఈ సంఘమున చేర్చుట ఆనాటి మర్యాద. మన దొలోమ్యూ కూడ ఊహ తెలియకమునుపే దానిలో చేర్చబడెను. అనగా తాను ఏమి కాదలచెనో చెప్పగల వయస్సు రాకమునుపే ఆయన జీవితమార్గమును పెద్దలు నిర్ణయించిరి. ఆ నిర్ణయము ఆయనను కడవఱకు వెన్నాడినది.

పదునెనిమిదేండ్ల ప్రాయమున ఆయనకు ఒక ఘోరమైన ఆపద కలిగెను. సంఘము నావలపై పనిచేయుచున్నప్పుడు తోటి సభ్యునితో కలహము పుట్టి, అది ద్వంద్వయుద్ధమునకు దారితీసెను. 1768లో జరిగిన ఆ పోరాటమున ఎదుటివాడు మరణించెను. సంఘ నియమముల ననుసరించి దొలోమ్యూకు యావజ్జీవ కారాగారశిక్ష విధింపబడెను. అయినను రోమునందలి మతాధిపతి అగు పదమూడవ క్లెమెంటు కలుగజేసికొనుటవలన కొన్ని నెలల అనంతరము విడుదల లభించెను. ఒక మనుష్యుని ప్రాణము తీసిన పాపము చిన్నది కాదు. కాని యౌవనమున జరిగిన ఆ చెడుగుతోనే తన జీవితము ముగిసిపోవునట్లు ఆయన చేసికొనలేదు.

విడుదలైన పిమ్మట ఆయన ఫ్రాన్సు సైన్యమున ఉద్యోగియై, మెట్జ్ అను పట్టణమున కొన్ని సంవత్సరములు నివసించెను. అచ్చటి సైనిక వైద్యశాలయందు తిర్యోఁ అను ఔషధకారుడు ఉండెను. మందులు తయారుచేయువారికి రసాయనశాస్త్రము తెలియకతప్పదు గదా! ఆ ఔషధకారుని యొద్ద దొలోమ్యూ రసాయన, భౌతిక శాస్త్రములను శ్రద్ధతో నేర్చుకొనెను. అచ్చటనే రోష్‌ఫూకో ప్రభువు ఆయనకు మిత్రుడయ్యెను. ఆ ప్రభువు విద్వాంసులను ఆదరించువాడు. ఆయన ప్రోత్సాహముతో దొలోమ్యూ పారిస్ నగరపు శాస్త్రజ్ఞులకు పరిచితుడై, 1778లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తునకు లేఖక సభ్యుడుగా ఎన్నుకోబడెను.

ఆనాటినుండి ఆయన జీవితము ప్రయాణములతో నిండినది. 1781లో సిసిలీ ద్వీపమునకు వెళ్ళి ఎట్నా అగ్నిపర్వతమును పరీక్షించెను. దాని సమీపమున సముద్రమధ్యమందున్న లిపారి దీవులను చూచి, అచ్చటి అగ్నిపర్వతములనుగూర్చి 1783లో ఒక గ్రంథము ప్రకటించెను. అదే సంవత్సరము ఫిబ్రవరి నెలలో దక్షిణ ఇటలీయందలి కలాబ్రియా సీమను వరుసగా భూకంపములు నేలమట్టము చేసెను. వేలకొలది జనులు మరణించిరి. మఱుసటి సంవత్సరము దొలోమ్యూ ఆ శిథిలములలో తిరిగి చూచెను. వదులుగా నున్న మట్టినేలపై కట్టిన ఊళ్ళు అధికముగా కూలిపోవుటయు, గట్టిరాతిపై నిలిచిన కట్టడములు అంతగా దెబ్బతినకుండుటయు ఆయన గుర్తించి వ్రాసెను. భూకంప సమయమున ఇంటి క్రింది నేల యెట్టిదో ముందుగా తెలియవలెనను సంగతి నేడు ఇంజనీర్లందఱు ఎఱిగినదే; 1784లో దానిని కంటితో చూచి చెప్పినవారిలో ఆయన ఒకడు.

ఆయన పద్ధతి మిక్కిలి సులభమైనది. కాలినడకను పోవుట, సుత్తితో రాతిని పగులగొట్టుట, ముక్కను దగ్గఱనుండి చూచుట, ఆమ్లము వేసి పరీక్షించుట, చూచినదానిని వెంటనే వ్రాసికొనుట: ఇంతియే. పుస్తకమున నున్నది రాతియందు కనబడనిచో ఆయన రాతినే నమ్మెను.

1789లోను ఆ పిమ్మటను ఆయన ఆల్ప్సు పర్వతములలో టిరోల్ సీమకు వెళ్ళెను. ఆ కొండలు తెల్లగా, పాలిపోయినట్లుగా నుండును. రాయి చూచుటకు సున్నపురాతివలెనే యున్నది. కాని ఆమ్లము వేసినప్పుడు మిక్కిలి నెమ్మదిగా, కొంచెముగా మాత్రమే పొంగెను. మఱియు చీకటిలో దానిని కొట్టినప్పుడు మినుకుమినుకుమని వెలుగుచుండెను. ఇతరులైనచో ఆమ్లము పలుచనైనదని తలచియో, రాయి మురికిపట్టినదని తలచియో విడిచిపెట్టియుందురు. దొలోమ్యూ అట్లు విడువలేదు. ఒకే జాతిదని అందఱు అనుకొన్న రాతియందు రెండవ జాతి దాగియున్నదని ఆయన అనుమానించెను. ఈ విషయమును 1791వ సంవత్సరము జూలై నెలలో పారిస్‌నందలి భౌతికశాస్త్ర పత్రికలో ప్రకటించెను. ఇటలీ విద్వాంసుడగు అర్దువీనో మొదలైనవారు అంతకుముందే ఇట్టి రాళ్ళను చూచియుండిరి. కాని శాస్త్రజ్ఞులందఱి దృష్టి దానిపై నిలుచునట్లు చేసినవాడు దొలోమ్యూయే.

ఆయన ఆ రాతి ముక్కలను స్విట్జర్లండు దేశపు జెనీవా పట్టణమునందున్న నికొలా తెయొదోర్ ద సోసూర్ అను యువకునికి పంపెను. ఈయన ఆల్ప్సు పర్వతములను శోధించిన ప్రసిద్ధుడగు సోసూర్ కుమారుడు. ఆ యువకుడు రాతిని పరీక్షించి, ఇది సాధారణమైన సున్నపురాయి కాదని నిశ్చయించి, 1792లో దానికి దొలోమ్యూ పేరు పెట్టెను. అయితే ఆ తొలి పరీక్షవలన రాతి కూర్పు సరిగా తేలలేదు. ఇంగ్లండునందు టెనెంట్ అను రసాయనజ్ఞుడు, కొన్ని రకముల సున్నము పొలములో చల్లినప్పుడు పైరునకు మేలు చేయక కీడు చేయుటను విచారించుచు, ఆ సున్నమునకు మూలమైన రాతియందు కాల్షియముతోపాటు మెగ్నీషియముకూడ గలదని 1799లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే దొలోమ్యూ చెఱసాల పాలగుట మనము ముందు చూడబోవుదుము.

ఇచ్చట కొంచెము ఆగి ఈ రాతి స్వభావమును తెలిసికొందము. సున్నపురాతికి ముఖ్యమైన ఖనిజము కాల్సైటు. దానియందు కాల్షియము, కర్బనము, ఆమ్లజని ఉండును. డోలమైటునందు కాల్షియము ఉండవలసిన స్థానములలో సగము మెగ్నీషియము ఆక్రమించుకొనును. ఆ రెండును కలగాపులగముగా నుండక, ఒక వరుస కాల్షియము, ఒక వరుస మెగ్నీషియము, నడుమ కర్బనము ఆమ్లజని కలిసిన వరుస, ఇట్లు ఇటుకలు పేర్చినట్లు క్రమముగా అమరియుండును. ఈ క్రమమే డోలమైటును గట్టిగా పట్టియుంచును. అందుచేతనే చల్లని పలుచని ఆమ్లమునకు అది త్వరగా లొంగదు. రాతిని నూరి పొడిచేసినను, ఆమ్లమును వేడిచేసినను అదియు పొంగును.

డోలమైటు రాతియందు అధిక భాగము మొదట డోలమైటుగా పుట్టినది కాదు. తొలుత సముద్రపు అడుగున గవ్వలు, పగడములు, నాచుమొక్కలు, సున్నపు బురద పేరుకొని సున్నపురాయి యగును. తరువాత మెగ్నీషియము అధికముగా గల నీరు ఆ రాతి రంధ్రములగుండ చిరకాలము ప్రవహించును. ఆ నీరు కాల్సైటును కొంచెము కొంచెముగా కరగించుచు, ఆ స్థానమున డోలమైటును నిలుపుచుండును. ఈ మార్పు పెక్కు విధముల జరుగును. ఎండవేడిమి తీవ్రముగానుండు తీరములలో ఉప్పుకయ్యలవంటి పల్లములందు సముద్రజలము ఇగిరిపోవునప్పుడు ముందుగా జిప్సము పేరుకొనును. జిప్సము కాల్షియమును తీసికొనిపోవుటచే మిగిలిన నీటిలో మెగ్నీషియము పాలు హెచ్చును. బరువెక్కిన ఆ ఉప్పునీరు క్రిందికి ఇంకి అడుగునున్న సున్నపురాతిని మార్చును. మఱికొన్నిచోట్ల భూమి లోతులలోని వేడినీరు ఈ పని చేయును. బ్రెజిలు దేశమున లగోవా వెర్మెల్యా అను ఉప్పునీటి కయ్యలో సూక్ష్మజీవుల సహాయముతో డోలమైటు ఏర్పడుచున్నట్లు 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఈ మార్పువలన రాతి గుణములు మాఱును. లెక్కవేసి చూతము. 200 గ్రాముల కాల్సైటు రమారమి 74 ఘనసెంటీమీటర్ల చోటు ఆక్రమించును. దానియందలి కాల్షియములో సగము పోయి మెగ్నీషియము వచ్చినచో 184 గ్రాముల డోలమైటు మిగులును. దానికి 64 ఘనసెంటీమీటర్ల చోటు చాలును. అనగా నూటికి 13 వంతుల చోటు ఖాళీ యగుటకు వీలున్నది. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎలీ ద బోమోఁ ఇట్టి లెక్క వేసి, డోలమైటు రాళ్ళలోని రంధ్రములకు ఇదియే కారణమని తలచెను. అయితే ప్రకృతి ఈ లెక్కను ప్రతిచోట పాటింపదు. బయటినుండి కర్బనముకూడ వచ్చి చేరినచో ఆ ఖాళీ పూడిపోవును; డోలమైటు మితిమీరి పెరిగినచోట రంధ్రములే మిగులవు.

అయినను ఒక విషయము నిశ్చయము. డోలమైటు కాల్సైటుకంటె కొంచెము బరువైనది, కొంచెము గట్టిది. భూమి లోతున పైబరువు అధికమైనప్పుడు సున్నపురాతిలోని రేణువులు కరగి నొక్కుకొనిపోయి రంధ్రములు మూసికొనిపోవును. డోలమైటు స్ఫటికములు పలకలు తేఱి, ఒకదానితో నొకటి పెనవైచికొని, ఇంటికి దూలములవలె బరువును మోయును. పటికబెల్లపు పలుకులవంటి ఆ స్ఫటికముల నడుమ ఖాళీలు నిలిచియుండును. అందుచేత మిక్కిలి లోతులలో నూనెయు, వాయువును, నీరును నిలువయుండుటకు డోలమైటు రాతిపొరలు పెక్కుచోట్ల సున్నపురాతికంటె అనుకూలములైనవి. కాని ఈ మార్పునందు నష్టమును కలదు: మొదటి రాతిలోని గవ్వల, పగడముల ఆకృతులు చాలవఱకు చెరిగిపోవును.

ఇక దొలోమ్యూ కథకు మరలుదము. రాతికి ఆయన పేరు పెట్టబడిన 1792వ సంవత్సరముననే ఆయనకు గొప్ప దుఃఖము కలిగెను. ఫ్రాన్సునందు 1789లో ఆరంభమైన విప్లవమును ఆయన మొదట సంతోషముతో ఆహ్వానించెను. ప్రభువంశమున పుట్టినను, పుట్టుకతో వచ్చు అధికారమునకంటె న్యాయమే గొప్పదని ఆయన నమ్మెను. కాని 1792 సెప్టెంబరులో అల్లరిమూక ఆయన మిత్రుడగు రోష్‌ఫూకో ప్రభువును జిజోర్ పట్టణమున చంపివేసెను. ఆ ఘోరము దొలోమ్యూ కన్నులయెదుటనే జరిగెను. మృతుని తల్లికిని భార్యకును ఆయన అండగా నిలిచెను. ఆ తరువాతి సంవత్సరములలో బంధుమిత్రులు కొందఱు శిరశ్ఛేదమున కెఱయైరి, ఆస్తి పోయెను. పదవియు ధనమును లేనివాడై, జీవనమునకు తాను నేర్చిన శాస్త్రమునే ఆశ్రయింపవలసివచ్చెను.

ఆ శాస్త్రము ఆయనను విడువలేదు. విప్లవపు ఉద్రేకము చల్లారిన పిదప ఆయన గనుల శాఖయందు తనిఖీ అధికారియు, పారిస్ గనుల పాఠశాలయందు ఆచార్యుడును అయ్యెను. 1795లో ఏర్పడిన ఫ్రెంచి విద్వత్సంస్థకు సభ్యుడుగా ఎన్నుకోబడెను. ఖనిజములు భూమియందు ఏయే స్థానములలో ఏయే రాళ్ళతో కలిసి దొరకునో విద్యార్థులకు బోధించి, వారిని వెంటబెట్టుకొని కొండలకు తీసికొనిపోవుచుండెను.

1798లో నెపోలియన్ బోనపార్టు ఈజిప్టుపైకి దండయాత్రకు పోవుచు, సైన్యముతోపాటు పెక్కుమంది విద్వాంసులనుకూడ తీసికొనిపోయెను. వారిలో దొలోమ్యూ ఒకడు. దారిలో ఆ నౌకాదళము మాల్టా ద్వీపమును ముట్టడించెను. పసితనమున తనను చేర్చుకొన్న సంఘము ఒకవైపు. తన దేశపు సేనాధిపతి మఱొకవైపు. ద్వీపమును అప్పగించునట్లు సంఘమువారితో మాటలాడుటకు బోనపార్టు దొలోమ్యూను ఉపయోగించుకొనెను. ద్వీపము రక్తపాతము అంతగా లేకయే లోబడెను. కాని సంఘమువారిలో పలువురు దొలోమ్యూను ద్రోహిగా భావించిరి. ఆయన మనస్సునకును ఈ పని ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఈజిప్టునందు ఆయన కొంతకాలము నైలునదీ ప్రాంతములను పరిశీలించెను. కాని ఆరోగ్యము చెడి, మనస్సు విఱిగి, 1799 మార్చిలో స్వదేశమునకు బయలుదేఱెను.

ఆ ప్రయాణమున ఆయనతో శిష్యుడగు కోర్దియేయు, సేనాని డ్యూమాయు ఉండిరి. ఈ సేనాని కుమారుడే తరువాతి కాలమున ప్రసిద్ధుడైన నవలారచయిత అలెగ్జాండర్ డ్యూమా. పాతబడిన ఆ నావ తుఫానులో చిక్కి నీరుపట్టి, దక్షిణ ఇటలీయందలి టరంటో రేవున శరణు కోరవలసివచ్చెను. అచ్చట నేపుల్సు రాజు పక్షమువారు ఫ్రెంచివారికి పరమ శత్రువులై యుండిరి. నావలోనివారందఱును బందీలైరి. కొంతకాలమునకు తక్కినవారిలో అనేకులు విడిచిపెట్టబడినను, మాల్టా వ్యవహారమును మనస్సున బెట్టుకొనిన విరోధులు దొలోమ్యూను విడువనీయలేదు. ఆయనను సిసిలీయందలి మెస్సీనా నగరమునకు తీసికొనిపోయి, ఒంటరి కొట్టులో 21 నెలలు బంధించిరి.

ఆ గది చీకటియైనది, గాలి చొఱనిది. మాటలాడుటకు మనిషి లేడు. వ్రాయుటకు కాగితము, కలము, సిరా లేవు. అయినను ఆయన దీపపు మసిని సిరాగాను, పుల్లను కలముగాను చేసికొని, తనయొద్దనున్న గ్రంథపు పుటల అంచులయందును పంక్తుల నడుమను ఖనిజశాస్త్రమునుగూర్చి వ్రాయసాగెను. ఒక ఖనిజమును మఱొకదానినుండి వేఱుచేసి చూపునది ఏది? రంగా, మెఱుపా, కాఠిన్యమా? ఇవి మాఱుచుండును గనుక, అందలి పదార్థముల కూర్పును, సూక్ష్మకణముల ఆకృతిని బట్టియే ఖనిజ జాతిని నిర్ణయింపవలెనని ఆయన వాదించెను. చూపునకు ఒక్కటిగానున్న రెండు రాళ్ళను వేఱుచేసినవాడు ఆ వేఱుచేయు సూత్రమును చీకటిలో కూర్చుండి వ్రాసెను.

బయటి లోకము ఆయనను మఱవలేదు. ఫ్రాన్సునకును ఇంగ్లండునకును అప్పుడు ఘోరయుద్ధము జరుగుచుండెను. అయినను లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్సు శత్రుదేశపు శాస్త్రజ్ఞుని విడుదలకై పాటుపడెను. ఇతర దేశముల విద్వాంసులును విజ్ఞాపనలు పంపిరి. స్పెయిను రాజుకూడ సిఫారసు చేసెను. పారిస్‌నందలి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో దోబంతోఁ మరణముతో ఖాళీయైన ఖనిజశాస్త్ర ఆచార్య పదవికి 1800లో చెఱసాలయందున్న దొలోమ్యూనే ఎన్నుకొనిరి. కూర్చుండువాడు శత్రువు కొట్టులోనుండ, ఆయన పీఠము ఆయనకొఱకు వేచియుండెను. భాషలు వేఱైనను, రాజ్యములు వేఱైనను, విద్య యొక్కటే బంధుత్వముగా నిలిచిన సందర్భములలో ఇది యొకటి. వేఱు భాషల నడుమ నివసించుచు చదువుకొను మన పిల్లలు దీనిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగును.

1800వ సంవత్సరము జూన్‌లో బోనపార్టు మరెంగో యుద్ధమున జయము పొందెను. పిదప నేపుల్సుతో జరిగిన సంధి సందర్భమున దొలోమ్యూ విడుదలను ఫ్రెంచివారు పట్టుపట్టి సాధించిరి. 1801 మార్చిలో ఆయన వెలుగు చూచెను. పారిస్ చేరి ఆచార్యపీఠము నధిష్ఠించి ఉపన్యసించెను. చెఱలో వ్రాసిన గ్రంథము ఆ సంవత్సరముననే ప్రకటితమయ్యెను. చిక్కిపోయిన శరీరముతోనే ఆ వేసవిలో మరల ఆల్ప్సు కొండలకు వెళ్ళెను. తిరిగివచ్చుచు, ఫ్రాన్సునందలి షాతోనెఫ్ అను ఊర సోదరి యింట జబ్బుపడి, 1801 నవంబరులో కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు మాత్రమే.

ఆయన మరణానంతరము ఆయన పేరు రాతినుండి కొండల కెక్కెను. టిరోల్ సీమకు దక్షిణముననున్న ఆ పాలిపోయిన పర్వతశ్రేణిని పందొమ్మిదవ శతాబ్దమున డోలమైటు పర్వతములని పిలువసాగిరి. నేడు అవి ఇటలీలో నున్నవి. వాని శిఖరములు సూర్యాస్తమయవేళ గులాబిరంగు తాల్చును. 1860లో రిష్ట్‌హోఫెన్ అను శాస్త్రజ్ఞుడు ఆ శిఖరములలో పెక్కు ఒకప్పుడు సముద్రములో పెరిగిన దిబ్బలని వివరించెను. ఆ దిబ్బలు కట్టిన సముద్రము రమారమి 24 కోట్ల సంవత్సరముల నాటిది. 2009లో యునెస్కో సంస్థ ఆ పర్వతములను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

కాని ఆయన విడిచిపోయిన రాయి ఒక చిక్కుప్రశ్ననుకూడ విడిచిపోయెను. ప్రాచీనమైన రాతిపొరలలో డోలమైటు కొండలుగా పెరిగియున్నది. నేటి సముద్రజలమునందు కాల్షియముకంటె మెగ్నీషియము అణువుల లెక్కన అయిదు రెట్లు అధికము. లెక్క ప్రకారము నేటి సముద్రమునందును డోలమైటు విరివిగా పుట్టవలెను. కాని మిక్కిలి అరుదుగా మాత్రమే పుట్టుచున్నది. లాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు డోలమైటు పుట్టుటకు అవసరమైనదానికంటె వేయిరెట్లు అధికముగా పదార్థములు గల ద్రావణమును 25 డిగ్రీల వేడిమియందు 32 సంవత్సరములు ఉంచి చూచెను. ఒక్క స్ఫటికమైనను పుట్టలేదు. ఈ వైఫల్యమును ఆయన 1998లో దాచక ప్రకటించెను. విఫలమైన ప్రయోగముకూడ నిజము చెప్పును గదా!

2023లో అమెరికాయందలి మిచిగన్ విశ్వవిద్యాలయమువారును, జపానునందలి హొక్కైదో విశ్వవిద్యాలయమువారును కలిసి ఒక సమాధానము చూపిరి. స్ఫటికము పెరుగునప్పుడు కాల్షియము, మెగ్నీషియము తమ తమ వరుసలలో కూర్చుండక ఎచ్చట బడిన అచ్చట అతుకుకొనును. ఆ తప్పు అమరికపై కొత్త వరుస నిలువలేదు, పెరుగుదల ఆగిపోవును. అయితే నీరు మాఱి స్ఫటికము కొంచెము కరగినచో, తప్పుగా అతికిన అణువులే ముందుగా ఊడిపోవును. వానలవలనను, ఆటుపోటులవలనను ఇట్లు కరగుటయు పెరుగుటయు మాటిమాటికి జరిగినచో వరుసలు సరియగును. వారు సూక్ష్మదర్శినియందలి ఎలక్ట్రాను కిరణమును రెండు గంటలలో 4000 మారులు ప్రసరింపజేసి, స్ఫటికమును కొద్దికొద్దిగా కరగించుచు పెంచిరి. అంతకుముందు అయిదు వరుసలకు మించి పెరుగని డోలమైటు రమారమి 300 వరుసలు పెరిగెను. పలకపై బాలుడు తప్పు వ్రాసిన అక్షరమును చెరిపి మరల దిద్దుకొనునట్లు, ఈ రాయియు చెరిపికొనుచు దిద్దుకొనుచు పెరుగునని తేలినది. ప్రాచీన సముద్రములలో ఇంత విస్తారముగా ఎట్లు పుట్టినదో పూర్తిగా తెలిసికొనుటకు మాత్రము ఇంకను పని మిగిలియున్నది.

ఈ రాయి మన దేశమునకు క్రొత్తది కాదు. ఒడిషాలో సుందర్‌గఢ్ జిల్లా బీర్మిత్రాపూర్ ప్రాంతమునను, కర్ణాటకలో బాగల్కోట ప్రాంతమునను, తెలంగాణలో ఖమ్మం సీమయందలి మాదారమునను డోలమైటు గలదు. కడప సీమలో వేంపల్లె పేరుగల డోలమైటు పొరలు 180 కోట్ల సంవత్సరములకు పైబడినవి; వానిలో ప్రాచీన సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టిన ఆకృతులు నేటికిని కనబడును. ఇనుమును ఉక్కును కరగించు కొలుములలో మలినములను తొలగించుటకును, ఆ కొలుముల లోపలి గోడలను కట్టుటకును డోలమైటును వాడుదురు.

దొలోమ్యూ దోషరహితుడని మేము చెప్పము. యౌవనమున ఒక ప్రాణము తీసెను. రెండు విధేయతల నడుమ నలిగి ఇరువైపులవారిచేతను బాధపడెను. కాని ఆయన ఒక చిన్న భేదమును చిన్నదని త్రోసివేయలేదు. కాగితము లేనప్పుడు అంచులపై వ్రాసెను. బలము లేనప్పుడును కొండ నెక్కెను. మన విద్యార్థులు త్రోవన కనబడు రాతిముక్కను ఒకమారు చేతికి తీసికొని, అది పొంగునో పొంగదో పరీక్షించి, పొంగనిచో ఎందులకని అడుగుదురుగాక. ఆ ప్రశ్నకు వారు తమ మాతృభాషలోనే జవాబు వెదకుకొని, ఒకరికొకరు చెప్పుకొనగలుగుదురుగాక యని మా ఆకాంక్ష.